మధుమేహంలో లాలాజల గ్రంథులు – లేసర్ కాంతి

నోరు తడిగా ఉన్నంతకాలం లాలాజలం విలువ మనకు తెలియదు. ఆరోగ్యవంతుని నోటిలో రోజుకు సుమారు అర లీటరు నుండి ఒకటిన్నర లీటరు వరకు లాలాజలం ఊరుతుంది. చెవుల ముందు ఉండే పెరోటిడ్ గ్రంథులు, దవడ క్రింద ఉండే అధోజంభికా గ్రంథులు, నాలుక క్రింద ఉండే అధోజిహ్వికా గ్రంథులు దీనిని ప్రధానంగా తయారుచేస్తాయి. పిండిపదార్థపు జీర్ణక్రియను ప్రారంభించుటయే గాక, ఆమ్లాలను తటస్థీకరించి పళ్ళను కాపాడుట కూడా దీని ధర్మమే.

మధుమేహ రోగులలో అనేకులకు ఈ ఊట తగ్గుతుంది. అతిమూత్రం వలన శరీరం నీటిని కోల్పోవడం, నరాలు దెబ్బతినడం, కొన్ని మందుల ప్రభావం ఇందుకు కారణాలు. దాని ఫలితంగా పళ్ళు పుచ్చుతాయి, నోరు పూస్తుంది, ముద్ద మ్రింగుట కష్టమవుతుంది.

గ్రంథికణాలలో జరిగేదేమి?

రక్తంలో చక్కెర పెరిగినప్పుడు కణాలలోని మైటోకాండ్రియాలు సూపర్ ఆక్సైడ్ అనే చురుకైన ఆక్సిజన్ రూపాన్ని అధికంగా విడుదల చేస్తాయి. ఇది కణపొరల కొవ్వులను, ప్రోటీన్లను పాడుచేయగల చర్యలకు దారితీస్తుంది. దీనిని ఎదుర్కొనుటకు ప్రకృతి రెండంచెల రక్షణ ఏర్పరచింది. మొదట సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము దానిని హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఈ ఎంజైము చర్యను 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ అనే శాస్త్రజ్ఞులు వెల్లడించారు. పిమ్మట కాటలేజ్, గ్లుటాథయోన్ పెరాక్సిడేజ్ అనే ఎంజైములు ఆ పెరాక్సైడ్‌ను హాని లేకుండా చేస్తాయి. మొదటి అంచె మాత్రమే బలపడి రెండవది వెనుకబడితే పెరాక్సైడ్ పేరుకుపోగలదు. కనుక ఒక్క ఎంజైము పెరిగినంత మాత్రాన మేలు జరిగిందని నిర్ణయించరాదు.

లేసర్ ప్రవేశం

1960లో మైమన్ తొలి లేసర్‌ను నిర్మించాడు. 1967లో బుడాపెస్ట్‌లో ఎండ్రే మెస్టర్ అనే వైద్యుడు, బలహీనమైన లేసర్ కాంతి సోకిన చుంచెలుకల చర్మంపై వెంట్రుకలు త్వరగా పెరుగుట గమనించాడు. కోయుటకు, కాల్చుటకు వాడే లేసర్ వేరు, ఇది వేరు. ఇందులో కణజాలం గుర్తించదగినంత వేడెక్కదు. మైటోకాండ్రియాలోని సైటోక్రోమ్ ఆక్సిడేజ్ ఈ ఎర్రని కాంతిని గ్రహించి కణ శ్వాసక్రియను ప్రేరేపిస్తుందని పలువురి అభిప్రాయం.

బ్రెజిల్ దేశపు సావో పావ్‌లో పరిశోధకులు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనంతో ఎలుకలకు మధుమేహం కలిగించి, వాటి లాలాజల గ్రంథులపై 660 నానోమీటర్ల ఎర్ర లేసర్‌ను ప్రసరింపజేశారు. రక్షక ఎంజైములను, కొవ్వుల ఆక్సీకరణను కొలిచారు. ఈ తరహా ప్రయోగాలలో కొన్ని మేలు సూచించే మార్పులు కనిపించాయి. కాని కాంతి మోతాదును బట్టి, గ్రంథిని బట్టి ఫలితాలు మారుతూ వచ్చాయి. తగినంత కాంతి ప్రేరేపిస్తుంది, మితిమీరిన కాంతి అణచివేస్తుంది. మందుకు వలెనే వెలుగుకూ మోతాదున్నది!

మనము గ్రహించవలసినది

ఆ రసాయనం ఎలుకలలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలనే నాశనం చేస్తుంది. మానవులలో అధిక సంఖ్యాకులకు వచ్చే మధుమేహం ఈ విధంగా ఆరంభం కాదు. పైగా పరిశోధనశాలలో ఎంజైము అంకె మారుట వేరు, రోగి నోరు తడియగుట వేరు. కనుక లేసర్‌ను నమ్ముకొని ఇన్సులిన్‌ను గాని, మాత్రలను గాని మానినవాడు ప్రాణానికే ముప్పు తెచ్చుకొంటాడు. చక్కెరను అదుపులో ఉంచుట, పళ్ళను శుభ్రపరచుకొనుట, తరచు నీరు త్రాగుట, దంతవైద్యుని సంప్రదించుట నేటికీ మొదటి కర్తవ్యాలు.

ఒక కొత్త చికిత్సను గురించి విన్నప్పుడు "ఏమి కొలిచారు? ఎవరిలో కొలిచారు? ఎంత మోతాదులో?" అని ప్రశ్నించుట విద్యార్థి లక్షణం. ఈ మూడు ప్రశ్నలకు తృప్తికరమైన సమాధానం లభించిననాడు ఈ ఎర్రని వెలుగు రోగి నోటికి నిజంగా ఉపకరించగలదు. అంతవరకు దానిని ఆశతోను, అంతకంటె ఎక్కువ జాగ్రత్తతోను చూచుట మన విధి.