తీగ లేని టెలిఫోను

మా వీధిలో ఒక వృద్ధదంపతులు కలరు. వారి కుమారుడు అమెరికా దేశమున ఉద్యోగము చేయుచుండెను. 2016వ సంవత్సరమున సంక్రాంతి పండుగకు వచ్చుచు అతడు తల్లిదండ్రులకై తీగ లేని టెలిఫోను నొకదానిని కొని తెచ్చెను. పెద్దాయనకు మోకాళ్ల నొప్పులు. ముందుగదిలో ఫోను మ్రోగినపుడు పెరటి అరుగు మీదనుండి ఆయన లేచి వచ్చులోపల అది ఆగిపోవుచుండెను. చేతిలోనే ఫోను ఉన్నచో ఆ బాధ తీరునని కుమారుని తలంపు. పెట్టె విప్పి చూడగా చేత బట్టుకొను ఫోను ఒకటి, దానిని నిలుపుటకు బేసు అను పీఠ మొకటి, రెండు తీగలు కనబడినవి. అతడు తిరిగి వెళ్లిన మఱునాడు ఆ యిల్లాలు నన్ను పిలిచి, "మాస్టారూ, తీగ లేని ఫోనన్నాడు మా అబ్బాయి. మరి ఈ రెండు తీగలూ ఎందుకండీ?" అని అడిగెను.

ముప్పది యైదేండ్లు బడిలో పాఠములు చెప్పితిని గాని, ఇంత చక్కని ప్రశ్న నడిగిన శిష్యులు నాకు మిక్కిలి అరుదు. దీనికి సమాధానము తెలిసినచో ఆ యంత్రము నమర్చుట సులభము. అది యే వేళ మనలను విడిచిపెట్టునో కూడ తెలియును.

అలెగ్జాండరు గ్రాహంబెల్ 1876వ సంవత్సరమున టెలిఫోనుకు పేటెంటు పొందెను. మన దేశమున 1882 జనవరి 28వ తేదీన కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరములలో టెలిఫోను ఎక్స్ఛేంజీలు తెఱచిరి. ఆనాటినుండి చిరకాలము జరిగిన పద్ధతి యొకటే. మనము పలికిన ధ్వని విద్యుత్ప్రవాహములో హెచ్చుతగ్గులుగా మాఱి, రెండు రాగి తీగల వెంట ఎక్స్ఛేంజికి పోవును. అచటినుండి అవతలి వారి యింటికి చేరి మరల ధ్వనిగా మాఱును. ఈ రాగి తీగలు చేయు ఉపకారము మఱియొకటి కలదు. మామూలు ఫోను పనిచేయుటకు వలసిన విద్యుత్తు మన యింటి మీటరు నుండి వచ్చునది కాదు. ఎక్స్ఛేంజిలో బ్యాటరీల వరుసలుండును. వానినుండి 48 వోల్టుల విద్యుత్తు ఆ తీగల మీదుగానే మన యింటికి వచ్చుచుండును. కావున ఊరంతయు చీకటిలో మునిగినను, తీగ తెగనంతవరకు ఆ ఫోను పలుకును. విద్యార్థులు ఈ మాట జ్ఞాపక ముంచుకొనవలెను.

తీగ లేని ఫోనులో తీగ నిజముగా ఎంత దూరము లేదు? ఎక్స్ఛేంజినుండి గోడలోని సాకెట్టు వఱకు తీగ యథాప్రకారముగా నుండును. అక్కడినుండి బేసు వఱకును తీగయే. తొలగినది రిసీవరును ఫోను పెట్టెకు కట్టివేసియుండు మెలికల తీగ మాత్రమే. ఆ నాలుగడుగుల దూరమును రేడియో తరంగములు దాటించును. బేసు ఒక చిన్న రేడియో కేంద్రము. చేతి ఫోను మఱియొకటి. రెండును పలుకును, రెండును వినును. ఇట్టి యేర్పాటునకు జార్జి స్వైగర్టు అను అమెరికా వాసి 1969లో పేటెంటు పొందెను. తరంగములను పుట్టించుటకు విద్యుత్తు కావలెను గదా! ఎక్స్ఛేంజి పంపు స్వల్ప విద్యుత్తు దానికి చాలదు. అందుచే బేసుకు ఒక తీగ టెలిఫోను సాకెట్టునుండి, ఇంకొక తీగ ఇంటి కరెంటు ప్లగ్గునుండి రావలెను. ఆ యిల్లాలి ప్రశ్నకు ఇదియే సమాధానము.

ఒకే గాలిలో ఇద్దరి మాటలు ఎదురెదురుగా పోవుచు ఒకదానితో నొకటి కలిసిపోకుండుట యెట్లని మీకు సందేహము కలుగవచ్చును. ఐరోపా దేశములలో 1990 తరువాత డెక్ట్ అను పద్ధతి ఏర్పడినది. అందులో సెకనులో నూఱవ వంతు కాలమును 24 తునుకలుగా విభజింతురు. అందు మొదటి పండ్రెండు తునుకలు బేసు పలుకుటకు, తక్కిన పండ్రెండును చేతి ఫోనులు పలుకుటకు. కాలువ చివరి పొలములకు వంతులవారీగా నీరు విడుచుట రైతుబిడ్డలు చూచియుందురు. ఒకరి వంతు జరుగునపుడు రెండవవారు తూము మూసికొని యుందురు. ఇదియు నట్టిదే. కాని సెకనులో నూఱు మారులు వంతులు తిరుగుటచే మాట తెగినట్లు మన చెవికి తోపదు. పూర్వపు ఫోనులలో ఇట్టి విభజన లేదు. గొంతును ఉన్నది ఉన్నట్లు గాలిలోనికి విడుచుటచే పొరుగువారి రేడియో యంత్రములలో ఒక్కొక్కపుడు వినబడుచుండెడిది. డెక్ట్ ఫోను మాటను అంకెలుగా మార్చి, గుప్తలిపిలో పంపగలదు.

ఇక మా వీధి కథకు వత్తము. అమెరికాలో ఇండ్లకు వచ్చు విద్యుత్తు 120 వోల్టులు. మనకు 230 వోల్టులు. ఆ ఫోనుతో వచ్చిన అడాప్టరు మీద 120 వోల్టులని చీమతలకాయ లంత అక్షరములతో వ్రాసియుండెను. దాని పుల్లలు మన సాకెట్టులో పట్టవు. పెద్దాయన దుకాణమునుండి పుల్లల ఆకారమును మార్చు బిళ్ల నొకదానిని తెప్పించి, నేను చదువులోపలనే స్విచ్చి వేసెను. ఆ బిళ్ల పుల్లలను మార్చునే గాని వోల్టులను మార్చదు. క్షణములో కాలిన వాసన వచ్చి అడాప్టరు చల్లబడినది. అది కాలకున్నను ఆ ఫోను మన దేశమున వాడదగినది కాదు. అమెరికాలో ఇట్టి ఫోనులకు 1920 మొదలు 1930 మెగాహెర్ట్జుల వఱకు గల తరంగములను కేటాయించిరి. మన దేశమున ఆ తరంగములు మొబైలు ఫోనులు టవరుతో మాటలాడుట కుద్దేశించినవి. ఒక యింటి ముచ్చట్లు టవరు కింది జనులందఱి మాటలకు అడ్డుపడుట న్యాయమా? పెద్దాయన రెండు దినములు చిన్నబోయి, పిమ్మట మా ఊరి దుకాణముననే వేఱొకటి కొనెను. దానిని నేనే దగ్గఱ నుండి అమర్చితిని.

మొదట చోటు చూడవలెను. తరంగములు ఇటుక గోడను కొంత నష్టముతో దాటును, ఇనుమును దాటలేవు. కావున ఇనుప బీరువా వెనుక, ఫ్రిజ్ ప్రక్కన బేసును పెట్టరాదు. ఇంటి నడుమ, ఛాతీ యెత్తు బల్లమీద నున్నచో అన్ని గదులకును అందును. కొన్ని ఫోనులు వైఫై పెట్టె, మైక్రోవేవు పొయ్యి వాడు తరంగములనే వాడును. వానికి కొన్ని అడుగుల దూరమున నుంచుట మేలు. ఆరుబయట 300 మీటర్లని పెట్టెమీద వ్రాసినను, గోడల నడుమ 50 మీటర్లు అందిన గొప్ప. వారి పెరటి అరుగు వఱకు అందినది, అంతే చాలును.

పిమ్మట బ్యాటరీలు. ఇవి ఛార్జి చేసికొను జాతివి, ఒక్కొక్కటి 1.2 వోల్టులు. టార్చిలైటులో వాడి పాఱవేయు బ్యాటరీలను ఇందు పెట్టరాదు. ఛార్జి చేయబోయినచో అవి కారిపోవును, పగిలిపోవుటయు కలదు. కొత్త ఫోనును బేసుమీద నిలిపి, పుస్తకములో చెప్పినన్ని గంటలు కదపక యుంచవలెను.  పెద్దాయన గంటకొకసారి ఎత్తి చూచుచుండెను. ఇల్లాలు కసరిన తరువాత మానెను.

ఒకే పెట్టెలో వచ్చిన ఫోనును బేసును ముందే ఒకదాని నొకటి ఎఱిగియుండును. రెండవ ఫోను కొని చేర్చునపుడు మాత్రము పరిచయము చేయవలెను. బేసుమీది మీటను కొన్ని క్షణములు నొక్కి పట్టి, చేతి ఫోనులో నమోదు అను అంశమును ఎన్నుకొని, అడిగిన రహస్యపు అంకెలు నొక్కినచో పని ముగియును. ఈ పరిచయము లేనిచో ఎదురింటివారి ఫోను మన బేసుతో మాటలాడి, మన లెక్కలో ఊళ్లేలవచ్చును గదా! బేసుమీద ఇంకొక మీట కలదు. చేతి ఫోను ఎక్కడ పెట్టితిమో మఱచినపుడు దీనిని నొక్కినచో అది ఉన్నచోట కూయును. ఆ యింట ఒకసారి అది దిండ్ల గలీబులో, ఇంకొకసారి తులసికోట వెనుక కూసినది.

వాడుక తెలిసినదే. పచ్చమీట నొక్కి, గుర్రుమను నాదము విని, నెంబరు నొక్కవలెను. 2021 జనవరి 15నుండి ఇంటి ఫోనునుండి మొబైలునకు చేయునపుడు ముందు సున్న చేర్చవలెనని నియమ మేర్పడినది. మాట ముగిసిన తరువాత ఎఱ్ఱమీట నొక్కుట మఱచినచో లైను తెఱచియే యుండి, మనకు ఫోను చేయువారికి తీరికలేని సూచనయే వినబడుచుండును. రాత్రివేళ ఫోనును బేసుమీద నిలుపవలెను.

2017 వేసవిలో ఒకనాటి రాత్రి గాలివాన వచ్చి విద్యుత్తు పోయెను. రెండు గంటల వేళ మా తలుపు దబదబ బాదిరి. తెఱచి చూడగా ఆ యిల్లాలు తడిసిన చీరతో నిలిచియున్నది. "మాస్టారూ, ఆయనకు ఊపిరి ఆడటం లేదండీ. ఫోను పలకటం లేదు" అనెను. చేతి ఫోనులో బ్యాటరీ నిండుగానే యున్నది. కాని బేసుకు కరెంటు లేదు. బేసు మూగవోయినపుడు చేతి ఫోను ఎవరితో మాటలాడును? మొబైలు ఉన్నది గాని, సాయంకాలము నుండి దానికి ఛార్జి లేదు. మా యింట పాతకాలపు తీగ ఫోను, గోడకు నేరుగా తగిలించినది, మూలబల్ల మీద నుండెను. అది మోటు వస్తువని మా పిల్లలు పలుమారు నవ్వినది. రిసీవ రెత్తగా నాదము వినబడినది. 108కి ఫోను చేసితిని. ఈ అంబులెన్సు సేవ హైదరాబాదులో 2005 ఆగస్టు 15న మొదలైనది. అప్పటికి మా ఊరికిని వచ్చియుండెను. చెట్లకొమ్మలు పడిన దారిలో బండి యెట్లో వచ్చినది. పెద్దాయన ఆసుపత్రిలో వారము దినము లుండి క్షేమముగా తిరిగి వచ్చెను.

ఆ తలుపు చప్పుడు నాకు నేటికిని వినబడును. ఫోనును అమర్చినవాడను నేనే. కరెంటు తీగ యెందుకో చక్కగా వివరించితిని. కరెంటు లేనపుడు ఏమగునో చెప్పనైతిని.

ఆయన ఇల్లు చేరిన దినముననే వారి అటకమీది పాత ఫోనును దించి తుడిచితిని. రాగి తీగ లైనుకు రెండు ఫోనులను ఒక్కచోటనే జతగా తగిలింపవచ్చును. సాకెట్టు వద్ద చీలికపెట్టె యొకటి పెట్టి, ఒక ప్రక్క బేసును, రెండవ ప్రక్క తీగ ఫోనును కలిపితిని. తీగ ఫోనును మంచమునకు చేయి చాచిన అందునట్లు నిలిపితిమి.

2022లో మా వీధికి గాజుపోగుల తీగలు వచ్చినవి. వీనిలో పయనించునది వెలుగు. ఎక్స్ఛేంజి బ్యాటరీల విద్యుత్తు వీని వెంట రాదు. రాగి తీగలను విప్పివేసి, గోడకు తెల్లని పెట్టె యొకటి బిగించి, ఫోనును దానికి కలిపిపోయిరి. మఱునాడు ఆ యిల్లాలు మరల నన్ను పిలిచి, ఆ పెట్టెను చూపి, "మాస్టారూ, దీనికి కరెంటు ఎక్కడినుంచి వస్తుందండీ?" అని అడిగెను. చూడగా అదియు గోడ ప్లగ్గుననే యున్నది. అనగా కరెంటు పోయినచో తీగ ఫోను కూడ మూగవోవును. ఆ సాయంకాలమే పనివానిని పిలిపించి, తెల్లపెట్టెకును బేసుకును ఇన్వర్టరు లైను వేయించితిమి. ఆమె మెయిన్ స్విచ్చి దించమని తానే చెప్పెను. దించితిని. చీకటిలో మీటలు తడుముకొని ఆమె మా యింటి నెంబరు నొక్కినది. వీధి కావల మా యింట గంట మ్రోగినది.