రసాలకు పేరు పెట్టే ముందు

చిరంజీవి చిన్నమ్మాయికి పెదనాన్న దీవించి రాయునది.

నీ ఉత్తరం అందింది. మన నూజివీడు రసాల మామిడిపళ్లకు ఒక పేరు పెట్టి, అందమైన పెట్టెల్లో సర్ది ఊరూరా అమ్మాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. నువ్వు రాసిన పేర్లన్నీ చదివాను, పెట్టె మీద వేయించాలనుకున్న బొమ్మ కూడా చూశాను. ఏది బాగుందో చెప్పమన్నావు. ఆ మాట ఈ ఉత్తరంలో చెప్పను. తిండి సరుకుల్లో, పానీయాల్లో ఈరోజు ఇంటింటా వినిపించే పేర్లు ఎలా పెరిగాయో చూస్తే నాకు ఒకటే కనిపిస్తోంది. చెడిపోయే సరుకును చెడకుండా, నిన్నటి రుచే ఇవాళా ఉండేలా, ఎక్కడో దూరాన ఉన్న మనిషి చేతికి చేర్చే ఏర్పాటు ఒకటి ఆ పేర్ల వెనక ఉన్నవాళ్లందరికీ కుదిరింది. ఆ ఏర్పాటు కుదిరాకే పేరుకు బలం వచ్చింది. నువ్వు చివర చేయాల్సిన పని ముందు పెట్టుకున్నావేమోనని నా బెంగ.

అమూల్ సంగతే తీసుకో. గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాడి రైతులు త్రిభువన్‌దాస్ పటేల్ వెనక నిలిచి సంఘం పెట్టుకున్నది 1946లో. అమూల్ అన్న పేరు వచ్చేసరికి 1950లు సగం గడిచాయి. వెన్న ముద్ద పక్కన చుక్కల గౌను పాప 1966లో గానీ రాలేదు. మధ్యలో వాళ్లు చేసిందేమిటి? చలికాలంలో గేదెలు విరివిగా పాలు ఇచ్చేవి, కొనేవాడు ఉండేవాడు కాదు. గేదె పాలతో పొడి చేయడం కుదరదని విదేశీ నిపుణులు తేల్చేశారు. ఆ సంఘాన్ని నడిపిన కురియన్ పక్కన ఉన్న దలాయా అనే ఇంజనీరు దాన్ని కుదిర్చి చూపించాడు, 1955లో అక్కడ పాలపొడి కర్మాగారం నిలబడింది. మిగిలిపోయే పాలకు దారి దొరికింది. మే నెలలో ఒక్కసారిగా కాయంతా దిగి ధర పడిపోయే మన తోటలకు ఇంతకంటే దగ్గరి పోలిక నాకు దొరకలేదు.

మరి కోకా-కోలాకు పేరు మొదటి రోజే ఉంది కదా అంటావు. నిజమే. 1886లో అట్లాంటాలో పెంబర్టన్ ఆ పానకం కలిపిన ఏడాదే రాబిన్సన్ అనే లెక్కల గుమాస్తా ఆ పేరు పెట్టాడు, ఆ వంపుల అక్షరాలూ ఆయనవే. కానీ మొదటి ఏడాది రోజుకు తొమ్మిది గ్లాసుల చొప్పున అమ్ముడైందని ఆ కంపెనీయే చెప్పుకుంటుంది. అది ఊళ్లు దాటింది 1899 తర్వాత, సీసాల్లో నింపే హక్కు వేరేవాళ్లకు ఇచ్చాక. పాకం ఒక చోటి నుంచి వెళుతుంది, నీళ్లు, సీసా, బండి ఆ ఊరివే, రుచి మాత్రం ఒక్కటే. మన దేశంలోనే ఇంకో ఉదాహరణ ఉంది. 1977లో కోకా-కోలా వెళ్లిపోయినప్పుడు సర్కారే డబుల్ సెవెన్ అని ఒక పానీయం తెచ్చింది. మైసూరు ఆహార పరిశోధన సంస్థ సూత్రం ఇచ్చింది, ఏలినవారి అండ ఉంది, పేరు దేశమంతా తెలుసు. కొన్నేళ్లకే కనుమరుగైంది. అదే ఏడాది మొదలైన థమ్స్ అప్ ఇప్పటికీ మన పెళ్లిళ్లలో ఉంది. పేరుకే అంత బలం ఉంటే ఆ రెంటి తలరాతలు ఇంత వేరుగా ఉండవు.

ఇప్పుడు మామిడి దగ్గరికి వద్దాం. మాజా 1976లో వచ్చింది, ఫ్రూటీ 1985లో. రెండూ మామిడి రసం పేరుతోనే పెరిగాయి, రెంటిలోనూ మన చిన్న రసం లేదు. అలాంటి పానీయాలకు వాడే గుజ్జులో ఎక్కువ భాగం తోతాపురిది, మనవాళ్లు కలెక్టరు కాయ అనేది. తియ్యదనంలో అది మన రసాల కాలిగోటికి సరిపోదు, అయినా కర్మాగారం దాన్నే కోరుకుంది. తొక్క దళసరి, లారీలో కుదుపులు తట్టుకుంటుంది. పీచు తక్కువ, గుజ్జు గట్టిగా ఎక్కువగా దిగుతుంది, ధర చౌక, చిత్తూరు వైపు టన్నులకు టన్నులు దొరుకుతుంది. ఫ్రూటీ అయితే కాగితం, ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు కలిపిన అట్ట డబ్బాలో వచ్చి ఐసు పెట్టె లేని పల్లె కొట్టుకూ చేరింది. చిన్న రసం అలా కాదు. పండాక నాలుగైదు రోజులకు మించి ఆగదు, కాస్త గట్టిగా పట్టుకుంటే చితుకుతుంది, నిండా పీచు. అరచేతుల మధ్య మెల్లగా పిసికి, ముచ్చిక దగ్గర చిన్న చిల్లు పెట్టి నోటికి ఆనించుకోవడానికే పుట్టిన పండు అది. దాన్ని సీసాలోకి ఎక్కిస్తే నువ్వు ఆ కంపెనీలతో వాళ్ల బలం ఉన్న చోటే తలపడాల్సి వస్తుంది. సీసా ఆలోచన ఏదైనా ఉంటే మానుకో.

పండుగానే అమ్ము. అక్కడ విప్పాల్సిన చిక్కు మాగబెట్టడం. హైన్జ్ కథ నీకు ఇక్కడ పనికొస్తుంది. 1869లో అమెరికాలో ఆయన ఘాటైన ఒక దుంప తురుము సీసాల్లో అమ్మడం మొదలుపెట్టాడు. అప్పటి వ్యాపారులు రంగు సీసాలు వాడి లోపల చవక దుంపలు కలిపేవారు. ఆయన తెల్ల గాజు సీసా వాడాడు, లోపల ఉన్నదేదో కొనేవాళ్లు చూసుకోవచ్చు. 1875లో దివాలా తీశాడు, మరుసటి ఏడాది మళ్లీ నిలబడ్డాడు. మామిడికి ఆ రంగు సీసా కార్బైడు. చట్టం దాన్ని నిషేధించింది, ఇథిలీన్ వాయువును మాత్రం పది లక్షల వంతుల్లో వంద వంతులు దాటకుండా వాడనిచ్చింది. అయినా పైన పసుపుపచ్చగా మెరుస్తూ లోపల పుల్లగా, చప్పగా ఉండే కాయ తిన్నవాళ్లకు మామిడి మీదే నమ్మకం పోయింది. చిక్కంతో కోసి, ముచ్చిక పొడుగ్గా ఉంచి, తర్వాత కత్తిరించి బోర్లించి సొన కార్చాలి. లేకపోతే తొక్క మీద నల్ల చారలు పడతాయి. వరిగడ్డిలోనో ఇథిలీన్ గదిలోనో ఎన్ని రోజులు మాగిందో పెట్టె మీద తేదీతో రాయి. నీ తెల్ల గాజు సీసా అదే.

పెట్టుబడి ఉన్నవాడే పెరుగుతాడు, మనలాంటివాళ్ల వల్ల కాదని మీ నాన్న అంటాడు. ఆ మాటలో నిజం లేకపోలేదు, మాజాను కూడా చివరికి 1993లో కోకా-కోలాయే కొనుక్కుంది. అయితే రామచంద్రపురంలో 1919లో రామచంద్రరాజు గారు మొదలుపెట్టిన ఆర్టోస్ పానీయాన్ని గోదావరి జిల్లాల్లో ఇంకా తాగుతున్నారు. అది దేశమంతా లేదు, ఉండాల్సిన పనీ లేదు. ఇంకో అభ్యంతరం దీనికంటే బరువైనది. చెట్టుకో రుచి ఉన్న రసాన్ని ఒకే మూసలో పోస్తే రసం రసంగా మిగులుతుందా? ఈ భయం నాకూ ఉంది. నేను ఒకేలా ఉండమంటున్నది నువ్వు చేసే పనిని, పండు తీపిని కాదు. కోత ఈడు, మాగిన రోజులు, పెట్టెలో కాయల లెక్క, చితికితే మారుస్తానన్న మాట, ఇవి ఏ పెట్టెకూ తప్పకూడదు. ఫలానా తోట, ఫలానా వారం కాయ అని చెప్పి అమ్మితే రుచిలో తేడా కొనేవాళ్లకు ముచ్చటే అవుతుంది.

ఆరేడు వారాల పంటతో ఏడాది గడవదు కాబట్టి ఆవకాయ కూడా ఆలోచించు. ప్రియ పచ్చళ్లు 1980లో మొదలై తెలుగువాళ్లున్న దేశాలకు వెళ్లాయంటే ఉప్పు, కారం, ఆవపిండి, నూనె తూకం తప్పకపోవడం వల్లే. మన ఇళ్లలో చేతివాటం చాలు. వంద కిలోలు కలిపేటప్పుడు చాలదు. తడి గుడ్డతో తుడిచిన ఒక్క కాయ జాడీ అంతా బూజు పట్టిస్తుంది, టెంక ముదరని ముక్క నెలకే మెత్తబడుతుంది. ఏ చెట్టు కాయ ఎంత పులుపో, దానికి ఎంత ఉప్పు పట్టిందో రాసిపెట్టే పుస్తకం నీకు అన్నిటికంటే ముందు కావాలి.

ఒక్క సంగతి మరిచిపోకు. 2025 వేసవిలో చిత్తూరు తోతాపురి ధర పడిపోతే, కర్మాగారాలు ఇవ్వాల్సిన ఎనిమిది రూపాయలకు సర్కారు కిలోకు నాలుగు కలపాల్సి వచ్చింది. కొట్లలో మామిడి పానీయాల పేర్లు వెలుగుతూనే ఉన్నాయి, కాయ పండించినవాడి చేతిలో ఏమీ లేదు. నీ పెట్టెలోకి కాయ ఇచ్చే చుట్టుపక్కల రైతులకు అందులో వాటా ఎలా ఉంటుందో ఇప్పుడే తేల్చు. పూత మీదే తోటలు గుత్తకు పోకముందే వాళ్లతో మాట్లాడు.

ఈ వేసవికి యాభై పెట్టెలు చాలు. విజయవాడకు, హైదరాబాదుకు, విశాఖకు పంపు. ఎన్ని కాయలు చితికాయో, ఏ రోజు చేరాయో, ఎవరు మళ్లీ అడిగారో రాసిన కాగితం నాకు పంపించు. నీ పేర్ల జాబితా నా దగ్గర భద్రంగా ఉంది, ఆ కాగితం చూశాక దాన్ని మళ్లీ తీస్తాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న