మంచు పొరలలో దాగిన ప్రమాదం

బ్రిటన్‌లో మంచు చరియల ప్రమాదమనగానే మనకు స్కాట్లండ్ కొండలు స్ఫురిస్తాయి. కాని ఈ దేశంలో అత్యధిక ప్రాణనష్టం కలిగించిన మంచు చరియ దక్షిణాన, ససెక్స్‌లోని లూయిస్ పట్టణంలో విరిగిపడింది. 1836 డిసెంబరు 27న, కొండ అంచున గాలి పేర్చిన మంచు ఒక్కసారిగా కూలి దిగువనున్న ఇళ్ళను కప్పివేయగా ఎనిమిది మంది మరణించారు. ఆ స్థలంలో ఉన్న మద్యశాల పేరు ‘స్నోడ్రాప్’. అది పువ్వు పేరనుకొని దాటిపోయేవారే ఎక్కువ.

అక్కడ మంచును పేర్చిన గాలియే నేటికీ కెయిర్న్‌గార్మ్, గ్లెన్‌కో ప్రాంతాలలో నియమిత బాటలు విడిచి స్కీయింగు చేసేవారికి ప్రధాన శత్రువు. గాలికెదురుగా ఉన్న వాలుపై మంచును ఊడ్చి, మరుగున ఉన్న వాలుపై అది కుప్పవేస్తుంది. ఈ ప్రయాణంలో స్ఫటికాల కొమ్మలు విరిగి పొడి అవుతాయి. ఆ సన్నని రేణువులు దగ్గరగా చేరి త్వరగా అతుక్కొంటాయి. మనకెంత చల్లగా తోచినా, రసాయనికుని దృష్టిలో మంచు తన ద్రవీభవన స్థానానికి అతి సమీపంలో ఉన్న పదార్థం. మైనస్ 5 డిగ్రీల మంచు అంటే 268 కెల్విన్; కరగడానికి కావలసినది 273. అందుచేత దాని అణువులకు నిలకడ లేదు. అవి రేణువుల మధ్య వంతెనలు కడుతూనే ఉంటాయి. వానాకాలంలో జాడీలోని ఉప్పు గడ్డకట్టినట్లు (పోలిక స్థూలమే సుమా) ఆ పొర గట్టి పలకగా మారుతుంది.

గట్టిపడితే మంచిదే కదా అనిపించవచ్చు. చిక్కంతా దాని అడుగున ఉన్నది. నిర్మలాకాశం గల చలి రాత్రులలో మంచు ఉపరితలం బాగా చల్లబడగా, లోపలి భాగం కొంత వెచ్చగా ఉంటుంది. వెచ్చని చోట ఆవిరి పీడనం ఎక్కువ గనుక నీటి ఆవిరి పైకి ప్రసరించి, చల్లని రేణువులపై మరల గడ్డకడుతుంది. ఇలా పెరిగిన కోణాల స్ఫటికాలు ఒకదానినొకటి పట్టుకోవు. చేతిలోకి తీసుకొంటే పంచదారవలె జారిపోతాయి. ఆ పంచదారపై గాలి పలక వచ్చి కూర్చుంటే, దానిని కదిలించడానికి ఒక్క మనిషి బరువు చాలు. పగులు క్షణాలలో వాలంతటా పరుగెత్తుతుంది. ఇది 30 నుంచి 45 డిగ్రీల వాలులలో అధికం. స్కీయింగు ప్రియులు వెదకేవీ ఆ వాలులే! తుఫాను వెలిసిన మరునాడు, ఎండ కాసే అందమైన ఉదయాన కూడా ఆ పలక అలాగే పొంచి ఉండవచ్చు.

మన పిల్లలు విశ్వవిద్యాలయ పర్వతారోహణ సంఘాలలో చేరి కొండలకు వెళుతున్నారు. వద్దనడం కంటె, ఏమి అడగాలో మనకు తెలియడం మేలు. గత రెండు రోజులుగా గాలి ఎటునుంచి వీచింది? స్కాటిష్ అవలాంచ్ ఇన్ఫర్మేషన్ సర్వీస్ శీతకాలంలో ఆరు ప్రాంతాలకు ప్రతిదినం ప్రమాద స్థాయిని ఐదు శ్రేణులలో ప్రకటిస్తుంది. ఐదింటిలో మూడు అంటే మన ఇళ్ళలో పాసు మార్కు. ఇక్కడ అలా కాదు. ఆల్ప్స్ పర్వతాలలో ఎందరో మరణించినది మూడవ శ్రేణి రోజులలోనే. బృందంలో ప్రతివారి వద్ద సంకేతాలు పంపే పరికరం, లోతు చూసే కడ్డీ, పార ఉన్నాయా అన్నది కూడా అడగాలి. మంచులో పూడుకొన్నవారు బ్రతికే అవకాశం మొదటి పది నిమిషాలు గడిచాక వేగంగా పడిపోతుంది. అంతలో హెలికాప్టరు రాలేదు. త్రవ్వవలసినది ప్రక్కనున్న స్నేహితుడే.