అచ్చుపెట్టెనుండి కంప్యూటరునకు

"స్త్రీ" యను నొక్క మాటను కూర్చుటకు పూర్వము అచ్చుపనివాడు గుడిదీర్ఘము గల సకారమును, తకారపు వత్తును, రకారపు వత్తును వేఱువేఱు గళ్లనుండి యేఱుకొనవలసివచ్చెడిది. గుణింతములు, వత్తులు కలసి తెలుగు అచ్చుపెట్టెకు వందలకొలది గళ్లు!

కంప్యూటరు వచ్చిన పిమ్మట సీసము పోయెను గాని చిక్కు పోలేదు. అక్షరరూపములను తయారుచేసినవారు తమతమ సంకేతములనే వాడిరి. ఒకరి లిపిలో కూర్చిన గ్రంథమును ఆ లిపి లేని యంత్రమున తెఱచినచో ఇంగ్లీషు అక్షరముల కలగూరగంప కనబడుచుండెను. కాగితముపై నందముగ నచ్చయిన పుస్తకమే తెరపై చదువరానిదాయెను. అట్టివానిని మార్చి మరల ప్రూఫులు దిద్దవలసినదే.

1991లో వెలువడిన యూనికోడు తెలుగునకు 128 స్థానముల నొసగెను. ఇందు "స్త్రీ" యనగా స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము. ఈ యాఱు సంకేతములే. ఏ దేశపు యంత్రమైనను వీని నిట్లే గ్రహించును. కావున ఒకమాఱు కూర్చిన పుస్తకమును అచ్చొత్తవచ్చును, ఫోనులో చదువవచ్చును, అందొక పదమును క్షణములో వెదకవచ్చును.

మఱి పాత గ్రంథముల మాట? 2005లో నారంభమైన తెలుగు వికీసోర్సునందు పుట ఛాయాచిత్ర మొకప్రక్కను, అక్షరపాఠము వేఱొకప్రక్కను నుండును. యంత్రము చదివినదానిని స్వచ్ఛందముగ పనిచేయువారు దిద్దుదురు. దిద్దిన పుటకు పసుపురంగు, మఱియొకరు సరిచూచినదానికి ఆకుపచ్చ. వత్తులయొద్దను అరసున్నలయొద్దను యంత్రము తఱచు తొట్రుపడును. అచ్చట తెలుగు వచ్చిన మనుష్యుడే దిక్కు. ఈ పనికి చెన్నపట్టణపు రైలెక్క నక్కఱలేదు. సూళ్లూరుపేటలో నొక విద్యార్థి సాయంకాలమున నొక పుటను దిద్దగలడు.