బోరులో మోటరు జారితే: పైకి తీసే పద్ధతి, జాగ్రత్తలు

మార్చి నుంచి మృగశిర కార్తె దాకా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో భూగర్భ జలం అడుగంటుతుంది. నీళ్లు అందక ఇంటి బోర్లలోనూ, పొలం బోర్లలోనూ మోటరుకు ఒకటి రెండు పైపులు కలిపి ఇంకా కిందికి దించుతారు. మోటరు జారిపోయే ప్రమాదం ఈ పనిలోనే ఎక్కువ. మరలు తుప్పుపట్టిన జీఐ పైపు సాకెట్ దగ్గర తెగుతుంది. నల్ల పైపు అయితే మోటరు మీది అడాప్టరు దగ్గర ఊడుతుంది. క్లాంపు నట్టు సగమే బిగించి బరువు వదిలినా అంతే. మోటరు స్టార్టయిన ప్రతిసారీ పైపు ఒక మెలిక తిరిగి సర్దుకుంటుంది. ఆటో స్టార్టరు ఉన్నచోట కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఈ కుదుపు తప్పదు. ఏళ్ల తరబడి ఇలా నలిగిన జాయింటు పైకి బాగానే కనిపించినా, కదిలించగానే వదిలేస్తుంది.

జారిందని తెలియగానే స్టార్టరు ఆపి ఫ్యూజులు తీసేయాలి. ఆ తర్వాత చాలామంది చేసే పని, చేతికందిన సర్వీసు వైరు పట్టుకుని లాగడం. ఇంతకు మించిన పొరపాటు లేదు. వైరు మోటరు బరువు మోయడానికి చేసింది కాదు. మధ్యలో తెగితే మిగిలిన వైరంతా చుట్టలు చుట్టుకుని మోటరు నెత్తిన కూర్చుంటుంది. అప్పుడు ఏ కొక్కెమూ పైపు దాకా పోదు. తీగ, తాడు ఏది చేతిలో ఉన్నా లాగకుండా పైన గట్టిగా కట్టి ఉంచాలి.

తర్వాతి పని కొలత. పైకి వచ్చిన పైపులు లెక్కపెడితే లోపల ఎన్ని మిగిలాయో తెలుస్తుంది. సన్నని తాడుకు ఇనుప ముక్క కట్టి వదిలితే పడినదాని కొస ఎన్ని అడుగుల లోతులో ఉందో తేలుతుంది. మోటరు దించినప్పటి లోతు, బోరు మొత్తం లోతు, ఈ కొలత పక్కపక్కన రాసుకుంటే, మోటరు అడుగుకు చేరిందా, మధ్యలో ఎక్కడైనా ఇరుక్కుందా అన్నది అర్థమవుతుంది. ఎండ బాగా ఉన్న వేళ అద్దంతో వెలుగును బోరులోకి కొట్టిస్తే నీటి మట్టం దాకా కనిపిస్తుంది. వేసవిలో నీళ్లు కిందికి దిగి ఉంటాయి కాబట్టి కొన్నిసార్లు తెగిన పైపు కొస కూడా కంటికి ఆనుతుంది. నీటి అడుగున ఉంటే బోరు కెమెరా కావాలి. నీళ్లు బురదగా ఉన్నప్పుడు కెమెరా దించి లాభం లేదు, ఒక రోజు తేరనివ్వాలి. కెమెరా దొరకనిచోట పైపు చివర మెత్తని సబ్బు ముద్ద అదిమి దించి, పడినదాని మీద మెల్లగా ఆనించి తీస్తారు. ముద్ద మీద గుండ్రటి అంచు పడితే పైపు నిటారుగా ఉన్నట్టు, అర్ధచంద్రంలా పడితే ఒక పక్కకు వాలినట్టు, గీతలు గీతలుగా పడితే పైన వైరు ఉన్నట్టు.

చేదబావిలో బొక్కెన పడితే తీయడానికి పల్లెల్లో పాతాళ గరిగె ఉండేది. ఇనుప కొక్కేల గుత్తిని తాడుకు కట్టి బావి అడుగున అటూ ఇటూ ఈడిస్తే ఏదో ఒక కొక్కేనికి బొక్కెన తగులుకునేది. బోరులో ఆ వీలు లేదు. రాతిలో వేసే ఆరున్నర అంగుళాల బోరు వెడల్పు 165 మిల్లీమీటర్లు. ఆరంగుళాల రకం మోటరు అందులో దాదాపు నిండుగా ఉంటుంది, చుట్టూ మిగిలేది సుమారు సెంటీమీటరు సందు. దాని పక్కనుంచి కొక్కెం దిగదు, పట్టు పైనుంచే దొరకాలి. ఇళ్లలో వాడే నాలుగంగుళాల రకానికి చుట్టూ చోటుంటుంది, కానీ ఆ చోటే దాన్ని ఒక పక్కకు వాలనిస్తుంది.

అందుకే పనిముట్టును ఎంచుకోవాల్సింది పడిన మోటరును బట్టి కాదు, దాని పైకొస ఎలా ఉందన్నదాన్ని బట్టి. జీఐ పైపు సాకెట్‌తో సహా నిటారుగా ఉంటే, కిందికి సన్నబడే మరలున్న ట్యాపును పైపుల చివర బిగించి దించి, సాకెట్‌లో కూర్చోబెట్టి తిప్పాలి. సాకెట్ లేకుండా విరిగిన పైపు కొసకు బయటినుంచి పట్టే గొట్టం లాంటి డై వాడతారు. నల్ల పైపు అయితే లోపలికి దిగి, పైకి లాగినప్పుడు విచ్చుకునే ముళ్ల ఈటె బాగా పట్టుకుంటుంది. పైన వైరు చుట్టలుంటే ముందు ముళ్ల కొక్కెంతో వాటిని కొంచెం కొంచెంగా పైకి తీయాలి. వైరు తీయకుండా ట్యాపు దించడం దండగ. ఈ పనిముట్లను తాడుకు కాక జీఐ పైపులకే బిగించాలి, లేకపోతే తిప్పడం కుదరదు. తిప్పడం ఎప్పుడూ కుడివైపుకే. ఎడమకు తిప్పితే దించిన పైపుల మరలే వదులై అవీ లోపల పడతాయి. ఒక మోటరు కోసం పోయి రెండో వరుస పైపులు పోగొట్టుకునేది ఇలాగే.

పట్టు దొరికాక తొందర కూడదు. మోటరులో వాల్వు ఉంటుంది కాబట్టి పైపులోని నీళ్లు కిందికి పోవు. రెండంగుళాల పైపు 300 అడుగులుంటే అందులో నీళ్ల బరువే సుమారు 180 కిలోలు, పైపు, మోటరు బరువు దానికి అదనం. నలుగురు మనుషులు చేతులతో లాగే బరువు కాదిది. మూడు కాళ్ల స్టాండు, చైన్ పుల్లీ, రెండు క్లాంపులు తప్పనిసరి. ఒక క్లాంపు బోరు మూతి మీద బరువు పట్టుకున్నాకే రెండోది విప్పాలి. పైకి వస్తున్న మోటరు కేసింగు అడుగు అంచుకు తగిలి ఆగుతుంది. అక్కడ బలంగా గుంజకుండా అర అడుగు దించి, కాస్త కుడికి తిప్పి మళ్లీ ఎత్తితే దారిలోకి వస్తుంది.

పని చేసేవాళ్లు తలెత్తి చూడాల్సింది ఒకటుంది. జీఐ పైపు పొడవు 20 అడుగులు. బోరు మీదుగానో పక్కనుంచో కరెంటు తీగలు పోతుంటే, నిలబెట్టిన పైపు కొస తగిలితే పట్టుకున్న వాళ్లందరికీ ప్రాణగండమే. అలాంటి చోట లైన్‌మన్‌తో సరఫరా ఆపించాకే పని మొదలుపెట్టాలి. పాత వ్యవసాయ బావి లోపల వేసిన బోరు అయితే ఇంకో ముప్పు ఉంది. వాడకం లేని బావి అడుగున ప్రాణవాయువు తక్కువగా ఉండవచ్చు. డీజిల్ ఇంజను లోపల నడిపితే విషవాయువు నిండుతుంది. ఒకరు పడిపోయారని ఇంకొకరు దిగకూడదు.

ఇరుక్కున్న మోటరు సంగతి నేలను బట్టి ఉంటుంది. కరీంనగర్, జగిత్యాల, సిరిసిల్ల వైపు గ్రానైటు రాతిలో బోరు గోడ గట్టిగా నిలుస్తుంది. అక్కడ మోటరు నెర్రెల అంచుల్లో తట్టుకుంటుంది కానీ పూడిపోవడం తక్కువ, నాలుగు రోజులు ఆగినా నష్టం లేదు. గోదావరి పొడవునా మంథని, రామగుండం, మంచిర్యాల దిక్కు ఇసుకరాయిలో ఇసుక జారి మోటరు చుట్టూ పేరుకుంటుంది, ఆలస్యం పనికిరాదు. ఆదిలాబాద్ పడమటి భాగంలోని నల్లరాతిలో పొరల మధ్య మెత్తని మట్టి కట్టలు విరిగి పడతాయి. పైన నల్లరేగడి కావడంతో మూత లేని బోరులోకి తొలి వానకే బంక మన్ను దిగుతుంది. పూడిన మోటరును లాగితే పైపే తెగుతుంది. బోరు బండి కంప్రెసరు గాలితో ముందు ఇసుకను పైకి ఊదించి, వదులయ్యాక ఎత్తాలి.

ఎప్పుడు వదిలేయాలన్నదీ లెక్కే. నీటి ఊట మోటరు పడినచోటికి పైన ఉండి, మోటరు పాతదైతే, దాన్ని అక్కడే వదిలి పైన కొత్తది దించుకోవడం తెలివైన పని. ఊట కిందుంటే ప్రయత్నించక తప్పదు, ఎందుకంటే కొత్త బోరుకు ఖర్చుతోపాటు 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి కూడా కావాలి. తాగునీటి బోరులో మాత్రం ఇంకో మాట. ఇళ్లలో వాడే చిన్న మోటర్లలో చాలావాటిలో నూనె ఉంటుంది. అది కారితే నీళ్ల మీద తెట్టు, వాసన వస్తాయి. అలాంటి మోటరును లోపల వదలడం మంచిది కాదు.

మోటరు బయటికి వచ్చాక ఇంటి బోరును శుద్ధి చేయాలి. ఆరున్నర అంగుళాల బోరులో అడుగుకు సుమారు ఆరున్నర లీటర్ల నీళ్లుంటాయి. 200 అడుగుల నీటికి తాజా బ్లీచింగ్ పౌడర్ 200 గ్రాములు బకెట్ నీళ్లలో కలిపి, తేరిన నీటిని పోసి, రాత్రంతా ఉంచాలి. తెల్లారి వాసన పోయేదాకా తోడి పారబోయాలి. ఆ నీళ్లు పశువులకు, నారుమడికి పెట్టకూడదు.

తిరిగి దించేటప్పుడు గట్టి నైలాన్ తాడు గానీ స్టీలు తాడు గానీ పైపుకు కాకుండా మోటరుకే ఉన్న కొక్కేనికి కట్టి, రెండో కొస పైన క్లాంపుకు బిగించాలి. వైరును పది అడుగులకొకచోట పైపుకు కట్టాలి. తుప్పు పట్టిన సాకెట్లు, అరిగిన అడాప్టరు అప్పుడే మార్చాలి. బోరు లోతు, కేసింగు లోతు, పైపుల లెక్క, దించిన తేదీ స్టార్టరు డబ్బా లోపలి వైపు పెయింటుతో రాసి ఉంచితే వచ్చే వేసవికి పనికొస్తుంది.

ఈ పని జరిగినన్నాళ్లూ తెరిచి ఉన్న బోరు పిల్లలకు ప్రాణగండం. 2017 జూన్‌లో చేవెళ్ల మండలం ఇక్కారెడ్డిగూడలో 18 నెలల పాప, 2020 మేలో మెదక్ జిల్లా పొడ్చన్‌పల్లిలో మూడేళ్ల బాబు మూతలేని బోర్లలో పడి చనిపోయారు. మోటరు మరమ్మతు జరుగుతున్నప్పుడు కూడా బోరును తెరిచి వదలకూడదని సుప్రీంకోర్టు 2010లోనే ఆదేశించింది. పని ఒక్క రోజులో తెమలకపోయినా, మెకానిక్ అన్నానికి వెళ్లినా సరే, బోరు మూతికి ఇనుప మూత పెట్టి బోల్టులు బిగించాకే అక్కడినుంచి కదలాలి.