బడిరోజు ఆటలు – సెలవురోజు ఆటలు

"ఆరోగ్యమే మహాభాగ్యం" అన్నారు పెద్దలు. ఈ మాట మనం పరీక్షల్లో చాలాసార్లు రాశాం. కానీ వారంలో ఏ రోజు ఎంతసేపు పరుగెత్తాం, ఎంతసేపు కూర్చున్నాం అని ఎప్పుడైనా లెక్క వేసుకున్నామా?

ఎంత శ్రమ కావాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల ప్రకారం 5 నుండి 17 సంవత్సరాల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఒళ్ళు కదిలించాలి. వారంలో కనీసం 3 రోజులు ఎముకలు, కండరాలు గట్టిపడేలా పరుగెత్తడం, గెంతడం వంటివి చేయాలి. ఆ సంస్థ శాస్త్రవేత్తలు 146 దేశాల వివరాలు పరిశీలించి 2019లో ఒక నివేదిక ప్రకటించారు. 2016 నాటికి 11–17 సంవత్సరాల వారిలో 81 శాతం మందికి ఇంత శ్రమ లేదని అందులో తేలింది. బాలురలో అది 78 శాతం, బాలికలలో 85 శాతం.

బడి రోజుల్లో

హాస్టల్లో గంట కొడితే లేస్తాం, గంట కొడితే బయలుదేరతాం. కాలవ గట్టు వెంట బడికి నడక, ఇంటర్వెల్లో పరుగులు, సాయంత్రం ఖోఖో. ఇవన్నీ మనకు తెలియకుండానే జరిగే వ్యాయామం. అయితే పరీక్షలు దగ్గర పడితే ముందుగా పోయేది ఆటల పీరియడే. 10వ తరగతి వారికి ఉదయం స్టడీ అవర్, పగలు తరగతులు, రాత్రి మళ్ళీ స్టడీ అవర్.

సెలవు రోజుల్లో

సెలవంటే ఆటలే అనుకుంటాం. కానీ చాలామంది పిల్లలు బడి రోజుల కంటే శని, ఆదివారాల్లోనే తక్కువ కదులుతున్నారని పలు దేశాల పరిశోధనలు చెబుతున్నాయి. సెలవునాడు బడికి నడక లేదు, గంట లేదు, ఆడటానికి తోడు లేదు. టి.వి., సెల్‌ఫోన్ మాత్రం ఉన్నాయి. మన కోనసీమలో వానాకాలం ముసురు పడితే ఆటస్థలమంతా బురదే.

ఇంకో కారణం కూడా ఉంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళితే మా తమ్ముడు బ్యాటు పట్టుకుని కొబ్బరితోటలోకి పోతాడు. నేను బిందె పట్టుకుని కుళాయి దగ్గరకు వెళ్తాను. నేనూ ఆడతానంటే "ఆడపిల్లవి, నీకు ఆటలేంటే" అంటుంది మా నానమ్మ. తన చిన్నతనంలో తొక్కుడుబిళ్ళలో తనను గెలిచినవారు లేరని చెప్పేదీ ఆవిడే! పైన చెప్పిన నివేదిక వెలువడినప్పుడు శాస్త్రవేత్తలు మన దేశం గురించి కూడా చెప్పారు. ఇక్కడ బాలురు చురుగ్గా ఉండటానికి క్రికెట్, బాలికలు చురుగ్గా ఉండటానికి ఇంటి పనులు కారణం కావచ్చునన్నారు. ఇంటి పనీ శ్రమే. కానీ అందులో గెంతు లేదు, జట్టు లేదు, గెలుపు లేదు.

ప్రోత్సాహం

మన అమలాపురం బిడ్డ సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి 2022లో కామన్వెల్త్ క్రీడల్లోనూ, 2023లో ఆసియా క్రీడల్లోనూ బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణాలు గెలిచాడు. ఆయన తండ్రి వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేశారు. ఇంట్లో ఒక్కరు "వెళ్ళి ఆడుకో" అంటే పిల్లలు ఎంత ఎదుగుతారో దీనివల్ల తెలుస్తుంది.

మనం ఏం చేయగలం?

1. ఆదివారం సాయంత్రం కూడా ఆటల గంట కొట్టించమని వార్డెన్ గారిని అడుగుదాం.

2. బాలికల కబడ్డీకి 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు స్థలం చాలు. సామాను కొనే పనే లేదు.

3. వానరోజున వరండాలో తాడాట ఆడుకుందాం.

4. ఇంటి దగ్గర బిందెలు తమ్ముడితో కూడా మోయిద్దాం. మిగిలిన సమయంలో ఇద్దరం ఆడుకుందాం.

5. ఒక వారం పాటు రోజూ ఎన్ని నిమిషాలు ఆడామో నోటు పుస్తకంలో రాద్దాం. ఆదివారం గడిలో ఎంత ఉందో చూద్దాం.

మిత్రులారా! చదువుకు గంట ఉన్నట్టే ఆటకూ గంట ఉండాలి. అది వారానికి ఏడు రోజులూ మోగాలి.