స్తోత్రంలోని అలంకారాలు: ఇంట్లో పిల్లలకు చెప్పవలసిన పాఠం

స్వామికి పూలమాలలు, ఆభరణాలు సమర్పించడాన్ని అలంకారం అంటాము. కావ్యంలో మాటకు శోభను కూర్చేదానికీ అదే పేరు. ఆలయంలో అలంకారం భక్తుని చూపును స్వామిపై నిలుపుతుంది. కావ్యంలో అలంకారం అర్థాన్ని మనస్సులో నిలుపుతుంది.

“స్వామి పాదపద్మములకు నమస్కారం” అని పెద్దలు పలికినప్పుడు, ఆరవ తరగతి బాలుడు “పాదాలు పద్మాలెట్లా అవుతాయి?” అని అడగవచ్చు. ఆ ప్రశ్నను అల్లరిగా భావించి త్రోసివేయరాదు. సమాధానం దొరకని పిల్లవానికి స్తోత్రం వట్టి శబ్దంగానో, అబద్ధంగానో తోస్తుంది.

ఉపమ: ఒకదానిని మరొకదానితో పోల్చి చెప్పడం ఉపమాలంకారం. “పుంగనూరు ఆవు దూడవలె చిన్నది” అన్నప్పుడు ఆవు ఉపమేయం, దూడ ఉపమానం, చిన్నతనం సమానధర్మం, ‘వలె’ ఉపమావాచకం. ఈ జాతి ఆవు ఎత్తు సుమారు 70 నుండి 90 సెంటీమీటర్లే కనుక పోలిక చక్కగా కుదిరింది. అయితే పోలిక పరిమాణం వరకే. దూడ పాలివ్వదు, పుంగనూరు ఆవు ఇస్తుంది. ఉపమను సమానధర్మం దాటి సాగదీయరాదు.

రూపకం: ఉపమేయానికీ ఉపమానానికీ భేదం లేనట్లు చెప్పడం రూపకాలంకారం. ‘సంసారసాగరం’ అంటే సంసారమనెడి సాగరం. సంసారాన్ని సాగరమే అన్న తరువాత భగవన్నామం నావ అవుతుంది, గురువు నావికుడవుతాడు.

మరి ‘పాదపద్మం’ ఏ అలంకారం? వాక్యంలోని క్రియను చూడాలి. నమస్కరించేది పాదాలకు కనుక “పాదపద్మములకు నమస్కారం” అన్నచోట పద్మముల వంటి పాదములు అని అర్థం. అది ఉపమ. “నా మనస్సనే కొలనులో నీ పాదపద్మములు వికసించుగాక” అన్నచోట వికసించడం పద్మాలకే చెల్లుతుంది. అక్కడ పాదములనెడి పద్మములు అని అర్థం. అది రూపకం. రెండుచోట్లా గ్రహించవలసినది మృదుత్వం, నిర్మలత్వం. పద్మం వాడిపోతుంది కదా అని స్వామి పాదాలకు ఆ గుణాన్ని అంటగట్టరాదు.

ఉత్ప్రేక్ష: పోలికను బట్టి ఒకదానిని మరొకటిగా ఊహించడం ఉత్ప్రేక్షాలంకారం. మదనపల్లె దాపున ఉన్న హార్స్‌లీ కొండపై మంచు కమ్మినప్పుడు “కొండ తెల్లని శాలువ కప్పుకొని జపం చేస్తున్నదో ఏమో!” అంటే అది ఉత్ప్రేక్ష. ‘ఏమో’, ‘కాబోలు’, ‘అన్నట్లు’ వంటి మాటలు దీనికి గుర్తులు.

అతిశయోక్తి: ఉన్నదానిని ఎక్కువ చేసి చెప్పడం అతిశయోక్తి. “గంగమ్మ జాతర నాడు కుప్పం వీధులలో ఇసుక వేస్తే రాలనంత జనం” అంటాము. విన్నవారెవరూ ఇసుక తెచ్చి పరీక్షించరు, చెప్పినవాడు అబద్ధమాడాడనీ అనుకోరు. జనం కిక్కిరిసి ఉన్నారని గ్రహిస్తారు. స్తుతులలోని అతిశయోక్తులను కూడా ఇట్లాగే గ్రహించాలి.

మదనపల్లెకు సమీపంలోని తరిగొండలో జన్మించి, తిరుమలలో జీవితాన్ని స్వామికి అర్పించిన భక్తకవయిత్రి వెంగమాంబ. పాడుకోవడానికి అనువైన ద్విపదలో భాగవతాన్ని, ఆడి పాడడానికి తగిన యక్షగానాలను ఆమె రచించారు. తిరుమలలో ఏకాంతసేవ వేళ నేటికీ ఆమె పేరిట ముత్యాల హారతి జరుగుతున్నది. అన్నప్రసాద భవనంపై ఆమె పేరు చూసిన పిల్లలకు ఆమె కవయిత్రి అని కూడా చెప్పాలి. ఆమె రచనలను చదివి ఆనందించడానికి ఈ అలంకార పరిచయం తొలి మెట్టు.

నిత్యపూజ ముగిసిన తరువాత పిల్లలతో స్తోత్రంలోని ఒక్క మాటను తీసుకొని నాలుగు ప్రశ్నలు వేయండి. దేనిని వర్ణించారు? దేనితో పోల్చారు? రెండింటికీ సమానమైన గుణమేమిటి? పోలికను తెలిపే మాట ఉన్నదా? రోజుకొక మాట చాలు. నెల తిరిగేసరికి ముప్పది మాటల అర్థం వారి మనస్సులో నిలుస్తుంది.